యుద్ధక్రీడల్లో తెలుగువాళ్ల పక్షం

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల హాస్టళ్లలో రాత్రి భోజనాలయ్యాక ల్యాప్‌టాప్‌లు తెరుచుకుంటాయి. ఎక్కువమంది ఫోన్లలో తుపాకుల ఆటలే ఆడతారు. కానీ చరిత్ర మీద అల్లిన యుద్ధక్రీడలంటే ప్రాణం పెట్టే పిల్లలు ప్రతి హాస్టల్లోనూ కొందరుంటారు. వాళ్లు మంగోలులై కోటలు కూలుస్తారు, ఫ్రాంకులై గుర్రాలు దూకిస్తారు, బ్రిటిష్ వాళ్లై ఓడలు కట్టిస్తారు. కొన్నాళ్లు ఆడాక ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు: ఇందులో మనోళ్లేరి?

ఈ ప్రశ్నను పిల్లల ముచ్చటగా కొట్టిపారేయడం తప్పు. ఇవాళ్టి యువకుల్లో చాలామందికి మధ్యయుగాల పటం మొదట పరిచయమయ్యేది ఆటలోనే. ఏ రాజ్యం ఎవరి పక్కన ఉండేది, ఎవరికి ఏనుగులుండేవి, ఎవరికి ఫిరంగులుండేవి అన్న సంగతులు వాళ్లు పరీక్ష కోసం బట్టీ పట్టినవి కావు. గంటల తరబడి ఆడి ఒంటబట్టించుకున్నవి. ఆ పటంలో మన నేల ఖాళీగా కనిపిస్తే, అక్కడ చెప్పుకోదగ్గదేమీ జరగలేదనే మాట వాళ్ల మనసులో స్థిరపడిపోతుంది.

యుద్ధక్రీడలో పక్షం అంటే ఆటగాడు కూర్చునే పీట. దళం అంటే ఆ పీట మీద కూర్చున్నవాడు జరిపే పావు. పీట దక్కినవాడికి సొంత ఖజానా, సొంత లక్ష్యం, సంధి చేసుకునే హక్కు, ఆ సంధిని తెంచుకునే హక్కు ఉంటాయి. పావుకు ఉండేది బలం, వేగం, వేషం. అంతే. ఏ జాతికి పీట వేయాలి, ఏ జాతిని పావుగా చూపాలి అన్నది ఆట తయారుచేసేవాళ్లు ప్రతిసారీ తేల్చుకోవలసిందే. ఈ చర్చకు ఫిన్లాండ్ సైనికులను మించిన ఉదాహరణ నాకు కనబడలేదు. ఒకే జాతివాళ్లు ఒక కాలంలో పావుగా ఉండటం న్యాయం, మరో కాలంలో పక్షంగా ఉండటం న్యాయం. ఆ తేడా ఎక్కడుందో పట్టుకుంటే మన దక్కను సంగతి తేల్చుకోవడం సులువవుతుంది.

1809 దాకా ఫిన్లాండ్ స్వీడన్ రాజ్యంలో భాగం. ముప్పయ్యేళ్ల యుద్ధంలో (1618-48) స్వీడన్ రాజు గుస్టావస్ అడాల్ఫస్ వెంట జర్మనీ వెళ్లిన ఫిన్నిష్ రౌతులను హక్కపెలీటలు అనేవారు. 1631లో బ్రైటెన్‌ఫెల్డ్ దగ్గర, 1632లో లుట్జెన్ దగ్గర వాళ్లు పోరాడిన తీరు యూరప్‌లో పేరుకెక్కింది. 2005లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 3లో వీళ్లు సొమ్ము చెల్లించి దింపుకునే కిరాయి రౌతులుగా కనిపిస్తారు. నిజానికి వీళ్లు కిరాయివాళ్లు కారు, స్వీడన్ రాజు ప్రజలే. అయినా దళంగా చూపడం సబబే అంటాను. యుద్ధంలోకి ఎప్పుడు దిగాలో, ఎవరితో చేతులు కలపాలో, ఎప్పుడు ఆపాలో తేల్చింది స్టాక్‌హోం గానీ ఫిన్లాండ్ పల్లెలు కాదు. వాళ్లది శౌర్యం, నిర్ణయం వేరొకరిది.

1939 నవంబరు 30న సోవియట్ సేనలు సరిహద్దు దాటేసరికి పరిస్థితి పూర్తిగా వేరు. అప్పటికి ఫిన్లాండ్ స్వతంత్ర దేశమై 22 ఏళ్లు. జనాభా దాదాపు 37 లక్షలు, అంటే 2011 లెక్కల ప్రకారం ఒక్క హైదరాబాద్ జిల్లా జనాభా కంటే తక్కువ. ఆ చిన్న దేశం 105 రోజులు నిలబడింది. 1940 మార్చి 13న కాల్పులు ఆగేనాటికి 25 వేల మంది దాకా ఫిన్నులు చనిపోయారు. దేశంలో ఇంచుమించు పదోవంతు నేల పోయింది. స్వాతంత్ర్యం మాత్రం పోలేదు.

ఈ యుద్ధం మీద బల్ల మీద ఆడే ఆటలు చాలా వచ్చాయి. అమెరికాలోని జీఎంటీ గేమ్స్ 1992లో ఆర్కిటిక్ స్టార్మ్‌నూ, 2012లో రెడ్ వింటర్‌నూ ప్రచురించింది. రెండో ఆట రూపకర్త మార్క్ మోక్‌షిట్స్కీ. మొత్తం యుద్ధాన్ని వదిలేసి, తోల్వాయార్వి సరస్సు దగ్గర 1939 డిసెంబరు 8 నుంచి 12 దాకా జరిగిన పోరును మాత్రమే ఆయన తీసుకున్నాడు. ఆ పోరులోని ఒక ఘట్టాన్ని దగ్గరగా చూడండి. డిసెంబరు 10 రాత్రి ఒక సోవియట్ బెటాలియన్ అడవిలోంచి చుట్టుతిరిగి వచ్చి ఫిన్నుల వెనకవైపు వంటశాల మీద పడింది. అప్పటికి ఆ సోవియట్ సైనికులు ఆకలితో, చలితో వణికిపోతున్నారు. వంటపాత్రల్లో సాసేజ్ సూప్ ఉడుకుతోంది. దాడి అక్కడే ఆగిపోయింది, తినడం మొదలైంది. ఫిన్నిష్ లెఫ్టినెంట్ కల్నల్ ఆరో పయారి దగ్గర్లో దొరికినవాళ్లందరినీ, వంటవాళ్లనూ గుమాస్తాలనూ సహా, పోగుచేసి ఎదురుదాడి చేశాడు. ఫిన్నులు దీన్ని సాసేజ్ యుద్ధం అని ఇప్పటికీ చెప్పుకుంటారు. తుపాకీకి ఎంత బలం, ట్యాంకుకు ఎంత కవచం అని లెక్కలు వేస్తే ఇలాంటి రాత్రి ఆటలోకి రాదు. ఆకలి, చలి, చీకటి, గడ్డకట్టిన సరస్సు కూడా ఆట నియమాల్లోకి ఎక్కాలి. ఫిన్లాండ్‌ను నిజమైన పక్షంగా చూపించినవాళ్లంతా ఆ పని చేశారు.

గెలుపు సంగతీ అంతే. సుఒముస్సల్మి దగ్గర, రాత్తె బాట మీద ఫిన్నులు పొడుగ్గా సాగిన సోవియట్ బారును ముక్కలు ముక్కలుగా కోసి ఒక్కొక్క ముక్కనూ చుట్టుముట్టారు. రెండు డివిజన్లు అక్కడ నాశనమయ్యాయి. అయినా మాస్కోను పట్టుకోవడం ఫిన్నుల లక్ష్యం కాదు, సాధ్యమూ కాదు. కాబట్టి ఈ ఆటల్లో ఫిన్నిష్ ఆటగాడు గెలవడమంటే శత్రువును మట్టికరిపించడం కాదు. ఎన్నాళ్లు నిలిచాడు, ఎంత తక్కువ పోగొట్టుకున్నాడు అన్నదే కొలత. చిన్న రాజ్యాలకు పీట వేయాలనుకునే ప్రతి రూపకర్తా మొదట నేర్చుకోవలసిన సంగతి ఇది.

ఇక్కడితో ఆపేస్తే ఫిన్నుల కథ వీరగాథ మాత్రమే అవుతుంది. 1941 జూన్ నుంచి 1944 సెప్టెంబరు దాకా వాళ్లు జర్మనీ పక్కన నిలబడి సోవియట్ యూనియన్‌తో పోరాడారు. ఆక్రమించుకున్న తూర్పు కరేలియాలో రష్యన్ పౌరులను శిబిరాల్లో పెట్టారు. ఆకలితో, జబ్బులతో వేలమంది అక్కడ చనిపోయారు. 1944లో సోవియట్లతో సంధి చేసుకుని అదే జర్మన్లను లాప్‌లాండ్ నుంచి తరిమారు. అడకత్తెరలో పోకచెక్క లాంటి స్థితి అది. కానీ ఆ స్థితిలో తీసుకున్న ప్రతి నిర్ణయమూ హెల్సింకీదే, దాని పుణ్యపాపాలూ వాళ్లవే. 2023 అక్టోబరులో హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4కి వచ్చిన ఆర్మ్స్ అగెయిన్‌స్ట్ టిరనీ అనే అదనపు భాగం ఫిన్లాండ్‌కు విడిగా రాజకీయ మార్గాలు ఇచ్చింది. ఇది సరైన దారి. వార్ థండర్‌లో మాత్రం ఫిన్నిష్ ట్యాంకులు స్వీడన్ శాఖ కింద సర్దుకున్నాయి. వాహనాలే ముఖ్యమైన ఆట గనుక అందులో అది పెద్ద లోపం కాదు.

ఆనాటి ఫిన్నిష్ విమానాల మీద ఉన్న స్వస్తిక గుర్తు ఇంకో చిక్కు. 1918లో స్వీడన్ ప్రభువు ఎరిక్ ఫన్ రోసెన్ బహుమతిగా ఇచ్చిన విమానం మీద ఆ నీలి గుర్తు ఉండటంతో ఫిన్నిష్ వాయుసేన దాన్ని తనదిగా తీసుకుంది. నాజీలతో దానికి పుట్టుక సంబంధం లేదు. కానీ ఆ విమానాలే తర్వాత జర్మనీ మిత్రపక్షంలో ఎగిరాయి. 2018 దాకా జర్మనీలో ఆటల్లో స్వస్తిక చూపడానికి వీలుండేది కాదు. గడపకు పసుపు రాసి స్వస్తిక వేసుకునే మనకు ఈ చిక్కు త్వరగా అర్థమవుతుంది. గుర్తును చెరిపేయడం కంటే, అది ఎక్కడినుంచి వచ్చిందో, ఎవరి పక్కన ఎగిరిందో రెండూ చెప్పడమే మంచిదని నేను నమ్ముతాను.

కాబట్టి కొలబద్ద ఇది: తన యుద్ధాన్ని తానే నిర్ణయించుకుని, దాని మూల్యం తానే చెల్లించినవాడు పక్షం. ఇతరుల నిర్ణయం కోసం ప్రాణం పెట్టినవాడు దళం. దళమైనంత మాత్రాన గౌరవం తగ్గదు. కానీ రెంటినీ కలిపేస్తే చరిత్ర తప్పుతుంది.

ఇప్పుడు మన నేలకు వద్దాం. పేరున్న ఆటల్లో తెలుగు ప్రాంతం ఎక్కువగా అలంకారంగానే వచ్చింది. 2007లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 3కి వచ్చిన ది ఏషియన్ డైనాస్టీస్ భాగంలో భారతీయుల పక్షం ఉంది. సిపాయి, రాజపుత్రుడు, గూర్ఖా, ఏనుగు మీది మావటి, ఒంటె మీది ఫిరంగి అన్నీ ఒకే జెండా కింద నడుస్తాయి. వాళ్లు కట్టుకోగల అద్భుతాల్లో తాజ్‌మహల్, ఆగ్రా కోటలతో పాటు మన చార్మినార్ కూడా ఉంది. చూడగానే ఏ హైదరాబాదీకైనా గుండె ఉప్పొంగుతుంది. కానీ ఆటలో ఆ చార్మినార్ పని మన్సబ్‌దార్లను తయారుచేయడం. మన్సబ్‌దారీ మొగలుల పద్ధతి. చార్మినార్‌ను మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో కట్టించాడు. మొగలులు ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోల్కొండను పట్టుకున్నది 1687లో. అంటే ఓడిపోయిన రాజ్యపు కట్టడం, ఆ రాజ్యాన్ని ఓడించినవాళ్ల సేనానులను తయారుచేసే కార్ఖానా అయింది. కట్టడాన్ని తీసుకుని, కట్టినవాళ్లను వదిలేస్తే జరిగేది ఇదే.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 కొంత మెరుగు. అందులో 2013 నుంచి భారతీయులంతా ఒకే పక్షం. 2022 ఏప్రిల్‌లో వచ్చిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియా దాన్ని విడదీసి హిందుస్థానీలు, బెంగాలీలు, గుర్జరులు, ద్రావిడులు అని నాలుగు పక్షాలు చేసింది. ఈ పని మెచ్చుకోవలసిందే. కానీ ద్రావిడ పక్షం నిండా చోళ దేశమే. వాళ్ల కథానాయకుడు రాజేంద్ర చోళుడు, వాళ్ల ప్రత్యేక వీరుడు ఉరుమి కత్తి తిప్పేవాడు, వాళ్ల లాభాలు చేపల వేటలో, ఓడరేవుల్లో. తమిళులకు అది న్యాయమే, చోళులు సముద్రం దాటి గెలిచినవాళ్లు. కాకతీయుల బలం సముద్రంలో లేదు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల్లో ఉంది. చెరువు తవ్వించినవాడికి పొలం, పొలం పండించినవాడి పన్నుతో సేన, ఆ సేనతో వచ్చే నాయంకరుడికి ఊళ్లు. తెలుగు పక్షాన్ని తయారుచేసేవాళ్లు చెరువు నుంచి మొదలుపెట్టాలి, ఫిన్నిష్ పక్షాన్ని మంచు నుంచి మొదలుపెట్టినట్టు.

అదే ద్రావిడ పక్షానికి వూట్జ్ ఉక్కు అనే విద్య ఇచ్చారు. దాన్ని సాధిస్తే కత్తి దెబ్బకు కవచం పనిచేయదు. ఈ ఉక్కు దక్షిణాదిలో చాలా చోట్ల తయారయింది నిజమే. కానీ దానికి పేరుపడ్డ ఊళ్లలో నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకటి. పారశీక వర్తకులు అక్కడిదాకా వచ్చి ఉక్కు కొనుక్కునేవారు. 1820ల్లో హెన్రీ వాయ్‌సీ అక్కడి మూసలను, కొలుములను స్వయంగా చూసి వివరంగా రాశాడు. ఆటలో తెలంగాణ కొలిమి ఉంది, తెలంగాణ లేదు.

పారడాక్స్ సంస్థ పెద్ద పటం ఆటలు ఈ విషయంలో ఉదారమైనవి. 2014లో క్రూసేడర్ కింగ్స్ 2కి వచ్చిన రాజాస్ ఆఫ్ ఇండియా మన దేశాన్ని పటంలోకి తెచ్చింది. తెలుగును విడి సంస్కృతిగా గుర్తించింది. 1444 నవంబరులో మొదలయ్యే యూరోపా యూనివర్సాలిస్ 4లో బహమనీ, విజయనగర రాజ్యాలను ఎంచుకుని ఆడవచ్చు. వందల రాజ్యాలు ఒకే నియమాలతో నడిచే ఆటలు కాబట్టి ఇక్కడ పీట దొరకడం తేలిక, ఆ పీటకు సొంత రుచి ఉండటం కష్టం.

నా దృష్టిలో అన్నింటికంటే విలువైన ప్రయత్నం కంప్యూటర్ మీద జరగలేదు, కార్డుబోర్డు మీద జరిగింది. జీఎంటీ గేమ్స్ 2024లో విజయనగర అనే ఆటను ప్రచురించింది. 1290 నుంచి 1398 దాకా దక్కను రాజ్యాలే దాని విషయం. కోరీ గ్రాహం, మాథ్యూ జాన్సన్, అమన్ మాథ్యూస్, సవేరియో స్పాగ్నోలీ దాని రూపకర్తలు. పీటలు మూడు: ఢిల్లీ సుల్తానులు, బహమనీలు, విజయనగరం. ఢిల్లీది మొదట పైచెయ్యి. కానీ ఉత్తరం నుంచి మంగోలుల, తైమూరు భయం ఉంటుంది. దక్షిణాన ఇద్దరు లేచి, ఢిల్లీ బలహీనపడేకొద్దీ ఒకరితో ఒకరు పోటీ పడతారు. ఎవరినీ రాక్షసులుగా చిత్రించకుండా, మతాన్ని గెలుపోటములకు కొలతగా పెట్టకుండా ఈ కాలాన్ని ఆటగా మలచడం చిన్న విషయం కాదు.

అయినా ఆ బల్ల దగ్గర నాలుగో పీట ఒకటి ఉండాలి. అది ఓరుగల్లుది. 1303లో ఒకసారి, 1321లో మరోసారి ఢిల్లీ సేనలు ఓరుగల్లు ముందు ఓడి వెనక్కి వెళ్లాయి. 1309-10లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ ముట్టడికి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు సంధి చేసుకుని కప్పం కట్టాడు. 1323లో ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ చేతిలో కోట పడిపోయింది. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకువెళుతుంటే దారిలో నర్మద ఒడ్డున చనిపోయాడు. ఆ తర్వాత దేశం పడ్డ బాధ విలస తామ్రశాసనంలో ఉంది. ముసునూరి ప్రోలయ నాయకుడు, ఆయన తర్వాత కాపయ నాయకుడు చెల్లాచెదురైన నాయకులను కూడగట్టారు. 1336 ప్రాంతంలో ఓరుగల్లును తిరిగి తీసుకున్నారు.

అప్పుడు ఓరుగల్లులో ఢిల్లీ తరఫున పాలకుడిగా ఉన్నవాడు మాలిక్ మక్బూల్. ఆయన కూడా తెలుగువాడే. ఒకప్పుడు కాకతీయుల కొలువులో ఉండి, బందీగా వెళ్లి ఇస్లాం స్వీకరించాడు. ఓరుగల్లు నుంచి తప్పించుకుని వెళ్లాక ఫిరోజ్ షా తుగ్లక్ దగ్గర వజీరై, ఖాన్ ఎ జహాన్ అన్న బిరుదుతో ఢిల్లీని నడిపించాడు. ఢిల్లీ నిజాముద్దీన్‌లో ఎనిమిది మూలల ఆయన సమాధి ఖాన్ ఎ జహాన్ తెలంగాణీ పేరుతో ఇవాళ్టికీ ఉంది. పక్షాన్ని రక్తాన్ని బట్టి, మతాన్ని బట్టి విభజించే ఆట ఈ మనిషిని ఎక్కడ పెడుతుంది? ఎవరికి పక్షం ఇవ్వాలన్న ప్రశ్నకు జాతి ఒక్కటే జవాబు కాదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

కాపయ నాయకుడు తర్వాత చేసినవన్నీ సొంత నిర్ణయాలే. ఢిల్లీ మీద తిరగబడిన దక్కను అమీర్లకు సాయం చేశాడు. 1347లో బహమనీ రాజ్యం ఏర్పడ్డాక ఆ కొత్త రాజ్యమే ఆయన మీదికి వచ్చింది. మొదట కౌలాస్ పోయింది. 1360ల్లో గోల్కొండ పోయింది, దాంతోపాటు ఫిరోజా సింహాసనాన్ని కూడా ఇవ్వవలసివచ్చింది. చివరికి 1368 ప్రాంతంలో భీమవరం దగ్గర రేచర్ల అనపోత నాయకుడి చేతిలో మరణించాడు. అనపోత నాయకుడి రాచకొండ మా ఇబ్రహీంపట్నానికి తూర్పున ఉన్న గుట్టల్లోనే ఉంది. 2016లో ఆ పేరుతో పోలీసు కమిషనరేట్ ఏర్పడింది గానీ, ఆ పేరు వెనుక ఒక రాజధాని ఉండేదని ఇక్కడ తెలిసినవాళ్లు తక్కువే.

ఓరుగల్లులో ముసునూరి రాజ్యం నిలిచింది మూడు దశాబ్దాలకు కాస్త పైనే కదా, దానికి పీట ఎందుకని రూపకర్తలు అనుకుని ఉండవచ్చు. ఫిన్లాండ్ శీతాకాల యుద్ధం 105 రోజులే. దాని మీద ఇన్ని ఆటలు వచ్చాయి. ఎంతకాలం నిలిచారన్నది కాదు ప్రశ్న. ఢిల్లీ, బహమనీ, విజయనగరం, రాచకొండ నాలుగు దిక్కులా ఉండగా ఎవరికి ఏమిచ్చి ఎవరిని నిలువరించాలన్నది ఆటగాడికి ఊపిరాడనివ్వని చిక్కు. ఫిన్నిష్ పీటలో ఉన్న ఉత్కంఠంతా ఈ పీటలోనూ ఉంది.

పూర్తి స్థాయి పక్షంగా మరెవరైనా తగినవాళ్లుంటే అది గోల్కొండ. మా ఇబ్రహీంపట్నానికి ఎవరి పేరు ఉందో, ఎవరి కాలంలో మా పెద్దచెరువు తవ్వారో ఆ ఇబ్రహీం కులీ కుతుబ్ షా (1550-80) ఒక్కడి జీవితమే ఒక ఆటకు సరిపోతుంది. అన్న జంషీద్ భయంతో 1543లో పారిపోయి ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో గడిపాడు. అక్కడ తెలుగు కవిత్వం మీద మక్కువ పెంచుకున్నాడు. అన్న చనిపోయాక నాయక్‌వాడీల నాయకుడు జగదేవరావు అండతో గద్దె ఎక్కాడు. నాయక్‌వాడీలంటే గోల్కొండ కోటలను కాచిన తెలుగు సైనికులు. తర్వాత ఆ జగదేవరావుతోనే చెడింది. ఆయన బేరారుకు, అక్కడినుంచి విజయనగరానికి వెళ్లిపోయాడు. 1565 జనవరిలో అహ్మద్‌నగర్, బిజాపూర్, బీదర్‌లతో కలిసి, తనకు అన్నం పెట్టిన రామరాయల మీదికే ఇబ్రహీం యుద్ధానికి వెళ్లాడు. ఆ రాక్షసతంగడి యుద్ధం తర్వాత కూడా తెలుగు కవులకు ఆయన మల్కిభరాముడే. అద్దంకి గంగాధరుడు ఆయనకే కావ్యం అంకితమిచ్చాడు. ఈ కాలాన్ని హిందువులకూ ముస్లింలకూ జరిగిన పోరుగా కుదించి ఆటలో పెడితే ఇబ్రహీం మాయమైపోతాడు. ఇబ్రహీం లేకుండా ఆ యుద్ధం అర్థం కాదు. కృతజ్ఞత, భయం, కోశాగారం, సరిహద్దు కోటలు, వీటిని నియమాలుగా మలచగలిగితేనే అది దక్కను ఆట అవుతుంది.

పద్దెనిమిదో శతాబ్దంలో తెలుగువాళ్లు రెండు రకాలుగానూ కనిపిస్తారు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిపోయింది. ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకుని వచ్చిన ఉత్తరాంధ్ర విజయనగరం రాజు అక్కడ ఒక పక్షం, కోటలో చనిపోయిన వెలమ దొరలు మరో పక్షం. మరుసటి ఏడాది డిసెంబరులో చందుర్తి దగ్గర విజయనగరం ఆనంద గజపతి ఇంగ్లిషువాళ్ల పక్కన నిలబడి ఫ్రెంచివాళ్లను ఓడించాడు. ఇవి సొంత లెక్కలతో వేసిన ఎత్తులు. 2009లో వచ్చిన ఎంపైర్ టోటల్ వార్ 1700 నుంచి మొదలవుతుంది. అందులో ఆడటానికి మరాఠాలను ఇచ్చారు. ఉత్తర సర్కారుల సంస్థానాల ఊసు లేదు. ఇక కంపెనీ సైన్యంలో చేరి బెంగాల్ దాకా వెళ్లిన తెలుగు సిపాయిలు దళమే. వాళ్లను చూసే ఉత్తరాదిలో కంపెనీ సిపాయిలందరికీ తిలంగాలన్న పేరు స్థిరపడింది. 1857లో ఢిల్లీలో తిరగబడిన పూర్బియాలను కూడా జనం అలాగే పిలిచారు. హక్కపెలీటలకు ఉన్నంత చరిత్ర వీళ్లకూ ఉంది. సిపాయి అన్న పావు ఉన్న ప్రతి ఆటలో వీళ్లకు ఒక వాక్యమైనా దక్కాలి.

రెండో ప్రపంచ యుద్ధం గురించి క్లుప్తంగా చెబుతాను. పేర్లను చూసి మోసపోకూడదు. 19వ హైదరాబాద్ రెజిమెంట్‌లో ఎక్కువమంది ఉత్తరాది కుమావూనీలు, అహీర్లు, జాట్లు. 1945లో అది కుమావూన్ రెజిమెంట్ అయింది. బ్రిటన్ గగనతలంలో పోరాడిన 152 హైదరాబాద్ స్క్వాడ్రన్‌కు నిజాం ఇచ్చింది విరాళం. తెలుగువాళ్లు, తమిళులు నిజంగా ఉన్నది మద్రాసు సాపర్స్‌లో. వంతెనలు కట్టడం, మందుపాతరలు ఏరడం వాళ్ల పని. 1944 ఫిబ్రవరి 24న ఇటలీలోని మిన్యానోలో పేలబోతున్న మందుపాతర మీద పడి తోటివాళ్లను కాపాడి చనిపోయిన తమిళుడు సుబేదార్ సుబ్రహ్మణ్యం ఆ దళంవాడే. మరణానంతరం ఆయనకు జార్జ్ క్రాస్ ఇచ్చారు. ఇటలీ యుద్ధం మీద 2023లో వచ్చిన కంపెనీ ఆఫ్ హీరోస్ 3లో బ్రిటిష్ పక్షం కింద గూర్ఖాలు, భారతీయ ఫిరంగి దళం ఉన్నారు. మన సాపర్లకూ అక్కడ చోటివ్వడం న్యాయం. వాళ్లకు విడి పక్షం కావాలని నేను అడగను. ఆ యుద్ధం నిర్ణయం మనది కాదు.

అన్నింటికంటే కష్టమైనది 1946-51 తెలంగాణ. కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య చనిపోయిన నాటి నుంచి 1951లో సాయుధ పోరాట విరమణ దాకా, మధ్యలో 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా జరిగిన పోలీసు చర్యతో సహా, సొంత నిర్ణయం కలిగిన పక్షాలు స్పష్టంగా ఉన్నాయి: నిజాం ప్రభుత్వం, సాయుధ పోరాటం నడిపిన సంఘం, దొరలు, కేంద్ర ప్రభుత్వం. జీఎంటీ 2019లో ప్రచురించిన గాంధీ అనే ఆట, స్వాతంత్ర్యోద్యమాన్ని నాలుగు పక్షాల ఆటగా మలచి ఇలాంటి విషయానికీ దారి ఉందని చూపించింది. కానీ 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో నిజాం పక్షపు రజాకార్లు చంపిన గ్రామస్థుల పిల్లలు, మనవలు ఇవాళ అదే ఊళ్లో ఉన్నారు. రజాకారు వేషంలో తుపాకీ పేల్చి పాయింట్లు కొట్టే ఆట వస్తే నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. అదే సమయంలో పోలీసు చర్య తర్వాత మరాఠ్వాడా వైపు జిల్లాల్లో ముస్లిం పౌరులు పడ్డ కష్టాన్ని దాచిపెట్టే ఆటనూ ఒప్పుకోను. ఫిన్నుల వీరత్వాన్ని చూపి కరేలియా శిబిరాలను దాచడం ఎంత తప్పో ఇదీ అంతే. ఈ విషయం మీద ఆట చేయాలంటే అన్నివైపుల బాధితుల ఊళ్లకూ వెళ్లి వినాలి. అది తొందరపడి చేసే పని కాదు.

తొందరగా చేయగలిగిన పని వేరే ఉంది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి పెద్ద సంస్థలో పనిచేసే నిపుణులు హైదరాబాద్‌లోనే ఉన్నారు. రాష్ట్ర ప్రభుత్వం 2016లోనే యానిమేషన్, గేమింగ్ రంగాలకు ఇమేజ్ విధానం ప్రకటించింది. మన పిల్లలు ప్రపంచం కోసం ఆటలు తయారుచేస్తున్నారు. మన నేల మీది ఆటకు స్టూడియో కూడా అక్కర్లేదు. పటం, కార్డులు, చెక్కబిళ్లలు, ఇరవై పేజీల నియమాల పుస్తకం చాలు. మొదటి ఆటకు నేను సూచించే కాలం 1336 నుంచి 1368. పీటలు నాలుగు: ఓరుగల్లు, రాచకొండ, బహమనీ, విజయనగరం. ఆదాయం చెరువుల నుంచి రావాలి, బలగం నాయకుల విధేయత నుంచి రావాలి. ఓరుగల్లు ఆటగాడికి గెలుపు అంటే ఢిల్లీని తిరిగి అడుగుపెట్టనివ్వకుండా, పొరుగువారి మధ్య తన కోటలను వీలైనన్ని ఏళ్లు నిలుపుకోవడం.

ఇంజనీరింగ్ కాలేజీల్లో ఆటల మీద ఆసక్తి ఉన్న విద్యార్థులు, డిగ్రీ కాలేజీల చరిత్ర అధ్యాపకులు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఈ పని ఒక విద్యా సంవత్సరంలో పూర్తవుతుంది. నియమాలు తెలుగులో రాయండి. శాసనాల్లో ఉన్న పేర్లే వాడండి. కల్పించినదేదో, చరిత్ర ఏదో పుస్తకం చివర స్పష్టంగా చెప్పండి. మొదటి ప్రతిని రాచకొండ చుట్టుపక్కల బడిపిల్లల చేత ఆడించి, వాళ్లు చెప్పిన మార్పులు చేశాకే బయటికి తీసుకురండి.